అత్తయ్య అడగడం మానేశారు

పట్టీ తలకు చుట్టబోతుంటే అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టి, దీన్ని ఇంతకు ముందు ఎవరి తలకి కట్టారు, తర్వాత తుడిచారా లేదా అని అడిగారు. ఫిలోమినా మేడమ్ నవ్వి, ఆవిడ కళ్ల ముందే స్పిరిట్ దూదితో మళ్లీ తుడిచింది. ఆ స్పిరిట్ సీసా మీద తేదీ చదివాకే అత్తయ్య తల ఇచ్చారు.

అది ఏప్రిల్ మొదటి వారం. రుషికొండ దగ్గర ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేది ఫిలోమినా మేడమ్ ప్రయోగశాల. నేను ఎం.సి.ఏ. చదివేటప్పుడు ఆవిడ నాకు పాఠం చెప్పింది. తర్వాత ఉద్యోగం వదిలి ఈ పట్టీ వెనక పడింది. నేను పాలిటెక్నిక్‌లో నాలుగేళ్లు చెప్పి, లిఖిత పుట్టాక మానేసి, ఇంట్లో ఉంటూ ఒక పుస్తకం రాశాను. సోపానం అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ గురించి. వెబ్‌సైటు కట్టేవాడు ప్రతి తలుపూ తనే చెక్కుకోనక్కర్లేకుండా, చెక్కిన తలుపులూ గడియలూ అందించే సరంజామా అన్నమాట. పుస్తకంలో తప్పులేమీ లేవు. అయినా నర్సీపట్నం నుంచి ఒక డిప్లొమా విద్యార్థిని రాసిన ఉత్తరం నన్ను కూర్చోబెట్టేసింది. 'మేడమ్, నేను అడగని వాటన్నిటికీ మీరు చక్కగా జవాబు చెప్పారు' అని రాసింది ఆ అమ్మాయి.

అందుకని రెండో పుస్తకానికి ముందు విషయాలు పోగుచేద్దామనుకున్నాను. ఏయే సంగతులు రాయాలో మీరే చెప్పండని పాత విద్యార్థులందరికీ రాశాను. నలభై వచ్చాయి. అన్నీ మర్యాదస్తుల ప్రశ్నలు. క్లాసులో చెయ్యెత్తి అడిగే ప్రశ్న ఒకటి, ముందు బెంచీ వాళ్లు నవ్వుతారని మింగేసే ప్రశ్న ఒకటి. నాకు కావలసినవి మింగేసినవి.

పట్టీ చేసే పని అదే. ఏదైనా అర్థం కానప్పుడు, మనకు ప్రశ్నగా తోచకముందే, మెదడులో ఎక్కడో చిన్న పట్టు పడుతుందట, నడుస్తుంటే చీర మేకుకి తగులుకున్నట్టు. పట్టీ ఆ పట్టుని కనిపెడుతుంది. వెంటనే ఎదురుగా తెర మీద వాక్యాలు గబగబా పరిగెడతాయి. సరైన వాక్యం వచ్చిన క్షణాన పట్టు సడలుతుంది. కంప్యూటరు ఆ వాక్యాన్ని జాబితాలో రాసుకుంటుంది. మనిషి నోరు విప్పక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు.

మార్చిలో పన్నెండు మంది విద్యార్థుల మీద చూశాం. ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి పడి అలికేసినట్టు వచ్చాయి. ఇలా అయితే అధ్యాయాలు విడదీయలేనని నేనే పట్టుబట్టాను. విడివిడిగా, శుభ్రంగా కావాలన్నాను. ఫిలోమినా మేడమ్ రెండు వారాలు కూర్చుని పట్టీకి ఒక తట్టు చేర్చింది. ప్రశ్న నమోదు కాగానే సన్నగా ఒక విద్యుత్ తట్టు, దాంతో మెదడు ఆ ప్రశ్నని వదిలేస్తుంది, తర్వాతదానికి చోటు దొరుకుతుంది. వదిలేస్తే ఎలా ఉంటుందని అడిగాను. జవాబు దొరికినంత హాయిగా ఉంటుందని చెప్పింది. దొరకదుగా అన్నాను. దొరకదు, హాయి మాత్రం ఉంటుందంది. అప్పుడు ఆ మాట దగ్గర నేను ఆగలేదు.

ఇక ఏమీ తెలియని మనిషి కావాలి. ఏమీ తెలియకపోయినా తెలుసుకోకుండా వదలని మనిషి కావాలి. అలాంటి మనిషి మా ఇంట్లోనే ఉంది.

మా అత్తయ్య వరహాలమ్మగారు ముప్ఫై రెండేళ్లు లెక్కల టీచరు. కూరగాయలవాడు వంకాయల మీద నీళ్లు చల్లితే ఎందుకు చల్లావంటారు. డాక్టరు మందు రాస్తే ఇది దేనికి, ఇది మానేస్తే ఏమవుతుంది అంటారు. పెళ్లయిన కొత్తలో నేను పప్పులో ఇంగువ ముందు వేస్తే, "ముందెందుకు వేశావమ్మా? మీ ఇంట్లో అలవాటా, లేక మర్చిపోయి వేశావా?" అని అడిగారు. కోపం లేదు గొంతులో. తెలుసుకోవాలంతే. ఆ తెలుసుకోవాలనేదే తొమ్మిదేళ్లుగా నా ప్రాణం తీసింది.

అయితే లిఖిత ప్రాణం నిలబెట్టింది కూడా అదే. పాపకి రెండేళ్లప్పుడు ఇడ్లీకి అంటుకున్న పల్లీ చట్నీ గోరంత నోట్లోకి వెళ్లింది. పది నిమిషాల్లో గొంతు మూసుకుపోయింది. మూడు రోజులు ఐ.సి.యు.లో ఉంచారు. ఇంకోసారి ఇంత టైము ఉండకపోవచ్చని డాక్టరు చెప్పాడు. అప్పట్నుంచి ఇంట్లో వేరుశనగ గింజ లేదు. మా ఆయన నరసింహంగారికి పోర్టులో షిఫ్టులు, నాకు ఈ పుస్తకం పని. పాప బయటికి వెళ్లిందంటే అత్తయ్య చెయ్యి పట్టుకునే. ఎవరింటికి వెళ్లినా అత్తయ్య గుమ్మంలోనే మొదలుపెట్టేవారు. పల్లీలు వేశారా? పొడి గాని కలిపారా? ఏ నూనె? గరిటె అదేనా, వేరేదా? పెదవాల్తేరులో ఆవిడ స్నేహితులైన టీచర్లంతా ఆవిడ చెప్పుల చప్పుడు వినగానే, "ఇనస్పెక్టరుగారు వచ్చేసినారు, వంటిల్లు సర్దుకోండర్రా" అని ఆటపట్టించేవారు. ఆటపట్టిస్తూనే ఒక్కొక్కటీ చెప్పేవారు. చేతిసంచిలో పెన్నులాంటి సూది ఒకటి ఎప్పుడూ ఉండేది. ప్రాణం మీదికి వస్తే తొడ మీద పొడవాలి.

వారానికి రెండు రోజులు అత్తయ్యని తీసుకెళ్లేదాన్ని. మొదటి రోజు ఆవిడ చేత గంటసేపు కబుర్లు చెప్పించి రికార్డు చేశారు, తెర మీది వాక్యాలు ఆవిడ మాటల్లోనే ఉండాలని. తర్వాత సోపానంతో ఒక చిన్న సైటు కట్టమన్నాం. రిటైరైన టీచర్ల సంఘానికి పేర్లూ ఫోన్ నంబర్లూ ఉండే సైటు. ఆవిడ ఒక్క వేలితో టైపు చేస్తుంటే జాబితా పెరిగింది. నేను ఫారంలో పేరు రాసి నొక్కితే ఆ పేరు ఎక్కడికి పోతుంది? నాకు పేజీ చూపించేముందు దాన్ని ఎవరు తయారుచేస్తున్నారు? నిన్న వచ్చినదీ ఇవాళ వచ్చినదీ ఒకే వరహాలమ్మ అని దానికెలా తెలుసు? పదేళ్లు ఇదే పనిలో ఉన్న నాకు ఒక్కటీ తోచని ప్రశ్నలు. ఒక్కొక్కటీ ఒక అధ్యాయం. ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆగేది కాదు.

మే నెల మధ్యకి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దమైంది.

ఒకరోజు పప్పులో ఇంగువ ముందే పడిపోయింది. అత్తయ్య అన్నం కలుపుకుని తిని, బాగుందమ్మా అన్నారు. ఇంకో రోజు నేను రెండు గంటలు ఆలస్యంగా వచ్చాను. ఎక్కడికెళ్లావని అడగలేదు. కొత్త చీర కట్టుకుంటే ఎంతైందని అడగలేదు. తొమ్మిదేళ్లకి ఈ మనిషికి నేను నచ్చాననుకున్నాను. నా పని చూశారు, నా కష్టం దగ్గరుండి చూశారు, ఇక తప్పులు వెతకడం లేదు అనుకున్నాను. మా ఆయనతో కూడా అన్నాను. "అమ్మ ఈ మధ్య మారిందేంటి?" అని ఆయన కొంచెం అనుమానంగానే అడిగారు. మీకు మీ అమ్మ నాతో పోట్లాడితేనే బాగుంటుందా అని ఎదురడిగాను. కోడలినైనందుకే ఆ పొరపాటు చేశాను. కూతురైతే మొదటి రోజే భయపడేది.

జూన్ ఇరవై రెండు, శనివారం. అత్తయ్య పాపని తీసుకుని లాసన్స్ బే కాలనీలో రత్నకుమారి టీచరుగారింటికి వెళ్లారు. పాత టీచర్లు నెలకోసారి కలుస్తారు. నేను జాబితా చివరిసారి సరిచూసుకోవడానికి ప్రయోగశాలకు వెళ్లాను. మొత్తం రెండువందల పన్నెండు ప్రశ్నలు. నూట ఎనభై ఏడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 'బయటివాళ్లు ఏదో రాసి పంపితే, అందులో ఏముందో చూడకుండా అది లోపలికి ఎలా తీసుకుంటుంది?' సోపానంలో సగం ప్రమాదాలు వచ్చేది అక్కడే. బయట నుంచి వచ్చినదాన్ని పరీక్షించకుండా నమ్మకూడదు. ఆ అధ్యాయం పుస్తకానికి నడిమధ్య పెట్టాలనుకున్నాను.

ఆ ప్రశ్న ఏ రోజు ఎన్ని గంటలకు వచ్చిందో చూద్దామని దాని అసలు నమోదు తెరిచాను. ఎప్పుడూ తెరవలేదు నేను, జాబితాతోనే నాకు పని. ప్రశ్న కింద బూడిదరంగు అక్షరాల్లో ఇంకొన్ని వాక్యాలున్నాయి. ఇవేమిటని ఫిలోమినా మేడమ్‌ని అడిగాను. తట్టు ఇచ్చినప్పుడు ఆ ప్రశ్నతో పాటు అదే వేరుకి ఉన్నవి కూడా సడలుతుంటాయి, లెక్క కోసం రాసిపెడుతుంది, పుస్తకానికి పనికిరావని తీసేశాను అంది.

నేను చదివాను. మొదటిది, పల్లీలు వేశారా. రెండోది, పొడి గాని కలిపారా. మూడోది, గరిటె అదేనా.

"సడలడమంటే?" అని అడిగాను.

"వదిలేయడం. ఆ ప్రశ్న అడగాలన్న..." అని, ఆవిడ నా మొహం చూసి ఆగిపోయింది.

"వేరు తీసేస్తే మళ్లీ మొలుస్తుందా?"

నేను అప్పటికే ఫోను తీశాను.

అత్తయ్య నాలుగో రింగుకి ఎత్తారు. వెనక నుంచి నవ్వులు, స్టీలు పళ్లేల చప్పుడు. ఏం చేస్తున్నారని అడిగాను. కబుర్లు చెప్పుకుంటున్నామమ్మా అన్నారు. పాప ఏం తింటోందని అడిగాను.

"సున్నుండ. రత్న చేసింది."

"అందులో ఏం వేశారో అడిగారా అత్తయ్యా?"

"సున్నుండల్లో ఏం వేస్తారు ఇందూ? మినప్పప్పు, బెల్లం, నెయ్యి."

"మీరు అడిగారా?"

"తెలిసిందాన్ని అడగడం దేనికమ్మా?" గొంతు ప్రశాంతంగా ఉంది.

పాప చేతిలోది లాక్కోమని, ఫోను రత్నకుమారిగారికి ఇమ్మని చెప్పాను. ఎందుకని అడగకుండా ఇచ్చేశారు. సున్నుండలో ఏం వేశారని అడిగితే రత్నకుమారిగారు ఉలిక్కిపడింది. మినప్పప్పు తక్కువైతే గుప్పెడు పల్లీలు వేయించి పొడి కలిపానమ్మా అంది. వెంటనే ఏడుపు గొంతుతో, "వరహాలక్క అడగలేదమ్మా. మొన్న పార్వతి ఇంట్లోనూ అడగలేదట. అక్క అడగలేదంటే పాపకి తగ్గిపోయిందేమో అనుకున్నాం. లేకపోతే నేనే చెప్పుదును" అంది.

ఐదేళ్లుగా ఆ ఇళ్లన్నిటికీ అత్తయ్య ప్రశ్నే కాపలా. ఆవిడ అడిగితే ప్రమాదం ఉన్నట్టు, అడక్కపోతే లేనట్టు. అంతమంది దాన్నే నమ్ముకున్నారు. నేను తీసేసింది ఒక్క మనిషి లోంచి కాదు.

ఫిలోమినా మేడమ్ కారు తాళాలు తీసింది. మెట్లు దిగుతూనే పాప ఎలా ఉందో చూడమన్నాను. పెదవులు ఉబ్బాయి, మెడ గోక్కుంటోందని రత్నకుమారిగారు చెప్పింది. వెనక అత్తయ్య గొంతు వినిపించింది. ఎండకే, కాసేపటికి సర్దుకుంటుందంటున్నారు. ఆవిడ చేతిసంచిలో పెన్నులాంటిది ఉంటుంది, తీయండి అన్నాను. ఫోను స్పీకరులో పెట్టించాను. ఇంకో ఫోనులో అంబులెన్సుకి చెప్పమన్నాను. మూత తీసి, తొడకి బయటివైపు గట్టిగా పొడిచి పది లెక్కపెట్టాలని చెప్పాను. రత్నకుమారిగారు పట్టుకుందట గానీ పొడవలేకపోతోంది. ఇటు చివరా అటు చివరా అంటోంది. గౌను మీంచి పొడవచ్చా అంటోంది. ఎముకకి తగిలితే ఏటమ్మా అంటోంది. నేను చెబుతూనే ఉన్నాను, ఆవిడ అడుగుతూనే ఉంది. మధ్యలో లిఖిత ఊపిరి చప్పుడు వినబడింది. ఈల వేసినట్టు సన్నగా.

"అత్తయ్యా, మీరు తీసుకోండి" అన్నాను.

"సరే" అన్నారు అత్తయ్య. తర్వాత చిన్న క్లిక్కు. తర్వాత టీచరు గొంతు, ఒకటి, రెండు, మూడు, తొందర లేకుండా పది దాకా.

ఆవిడకి ఏ అనుమానమూ రాలేదు. రాదు. ఆ క్షణాన అదే నా కూతుర్ని బతికించింది. ఇది నేను మర్చిపోకూడదనే రాస్తున్నాను. లేకపోతే పాపని కాపాడింది నేనేనని కథ నాకు అనుకూలంగా మారిపోతుంది.

మేం వెళ్లేసరికి అంబులెన్సు గేటు ముందుంది. పాపని ఎక్కిస్తున్నారు. కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి, కానీ గుండెలు ఎగిసిపడుతున్నాయి, చెయ్యి పట్టుకుంటే నా వేలు నొక్కింది. అత్తయ్య అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఒళ్లో కాగితంలో చుట్టిన సగం సున్నుండ.

"ఇది దాచాను ఇందూ, లేచాక తింటుంది" అన్నారు.

నేను ఆ పొట్లం తీసుకున్నాను. ఎందుకు తీసుకుంటున్నావని ఆవిడ అడగలేదు.

ఆసుపత్రిలో రెండు రోజులు. మొదటి రోజు సాయంత్రం దాకా డాక్టరు ఏమీ చెప్పలేదు. మా ఆయన పోర్టు నుంచి యూనిఫాంతోనే వచ్చి కారిడార్లో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే ఉన్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరం లేచేవాళ్లం. అత్తయ్య కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పాపకి ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదు. ప్రేమ లేక కాదు. బాగానే ఉంటుందని ఆవిడకి తెలుసు, అంతే. ఆ తెలియడం చూసి మా ఆయన భయపడ్డారు. అమ్మకేమైందని నన్ను అడిగారు. చెప్పాను, మొత్తం. ఆయన నా మీద అరవలేదు. తర్వాత కొన్ని వారాల పాటు నాతో అవసరానికే మాట్లాడారు.

సోమవారం పాప ఇంటికొచ్చింది. గొంతు బొంగురుపోయింది, ఆకలేస్తోందని పేచీ పెట్టింది.

మార్చిలో వచ్చిన పన్నెండు మంది తట్టు పెట్టకముందే వచ్చి వెళ్లారు. వాళ్లకేమీ కాలేదు. తట్టు తగిలింది అత్తయ్య ఒక్కరికే. ఫిలోమినా మేడమ్ పట్టీని విప్పి ముక్కలు చేసి, తన లెక్కలన్నీ తీసుకుని చెన్నైలో ఒక మెదడు వైద్యుడి దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి మా ఇంట్లో సోఫా చివర కూర్చుంది. సడలించడం తెలిసిందిగానీ బిగించడం ఎవరికీ తెలియదట. చంటిపిల్లలకి నేర్పినట్టు నేర్పి చూడమన్నాడట. మొలవచ్చు, మొలవకపోవచ్చు.

నేర్పాను. కార్డు మీద రాసిచ్చాను. ఎవరింటికెళ్లినా ముందు ఇది అడగండి అన్నాను. అత్తయ్య క్రమశిక్షణ గల మనిషి. మా పక్కింట్లో పూజకి పిలిస్తే కార్డు తీసి, పల్లీలు వేశారా అని స్పష్టంగా చదివారు. పక్కింటావిడ నోరు తెరిచేలోగా ప్రసాదం పాప చేతిలో పెట్టబోయారు. ఆవిడకి జవాబుతో పనిలేదు. ప్రశ్న అంటే నోటితో చేసే ఒక పని అయిపోయింది. ఆ రోజు నుంచి పాప ఆవిడతో ఒంటరిగా బయటికి వెళ్లడం లేదు. నేనే తీసుకెళ్తున్నాను, నేనే అడుగుతున్నాను. ఇనస్పెక్టరు మారారని టీచర్లు అనలేదు. ఎవరికీ నవ్వు రావడం లేదు.

జాబితా చెరిపేశాను. ఆ ప్రశ్నలతో పుస్తకం రాస్తే బ్రహ్మాండంగా ఉండేదని నాకు తెలుసు. ప్రచురణకర్త రెండుసార్లు ఫోను చేశాడు. రాయలేనని చెప్పాను.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, పాప స్కూల్లో ఉండగా, అత్తయ్య ఎదురుగా కూర్చున్నాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. మీతో ఒక విషయం చెప్పాలన్నాను. చెప్పమ్మా అన్నారు. మొదట్నుంచీ చెప్పాను. పట్టీ, తట్టు, విడివిడిగా కావాలని నేను పట్టుబట్టిన సంగతి, ఇల్లు నిశ్శబ్దమైతే నేను సంతోషించిన సంగతి. పాప గొంతు మూసుకుపోవడానికి కారణం మీరు కాదు, నేనని చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహంలోకి చూస్తూనే ఉన్నాను. ఎక్కడో ఒకచోట ఆపుతారని. నాకెందుకు చెప్పలేదంటారని. నన్నేం చేశావే అంటారని. ఒక్క 'ఎందుకు' చాలు, ఆవిడ కాళ్లు పట్టుకోవడానికి.

అత్తయ్య చివరి దాకా విన్నారు. చేతిలో ఉన్న కాయ ఈనె తీసి, కాయని గిన్నెలో వేసి, తడి చెయ్యి కొంగుకి తుడుచుకుని నా తల మీద పెట్టారు.

"నువ్వు చేశావంటే మంచికే చేసుంటావమ్మా" అన్నారు. ఇంకో కాయ తీసుకున్నారు.